భూపాల్ సారు కుర్చీల పిచ్చి

యూనివర్సిటీలో ప్రోటీన్ల మీద రీసెర్చ్ చేయించే భూపాల్ సారు ఎవరినీ కూర్చున్నచోట కూర్చోనివ్వడు. క్యాంటీన్ కానీ, డిపార్ట్‌మెంట్ మీటింగ్ కానీ, లోపలికి రాగానే ఒకసారి అందరినీ పరకాయించి చూసి, "ఆకారం కుదరలే. నువ్వు లేచి గీడ కూసో" అంటాడు. ఒక పెండ్లిలో పీటల మీది పెండ్లికొడుకునే లేపబోతే, సారు భార్య కమలాదేవి ఆయన చొక్కా పట్టి గుంజి కూర్చోబెట్టిందట.

ఎందుకు సార్ అంటే క్లాసు మొదలయ్యేది. "నీళ్లల్ల ప్రోటీన్లు ఊకె ఉండయి బిడ్డా. ఒకదానికొకటి తగులుకుంటనే ఉంటయి. ఏది జారిపోతది, ఏది అతుక్కుంటది, ఆకారం చెప్తది. మనుషులేమన్న వేరేనా?"

వేరేనని నిరోషకు గట్టి నమ్మకం. కానీ పైకి అనేది కాదు. వారాసిగూడ నుంచి సారు దగ్గర రీసెర్చ్ చేయడానికి వచ్చే ఆ పిల్లకు ల్యాబ్‌లో స్పిరిట్ సీసా ఎక్కడుందో అడగాలన్నా మొహమాటమే, అల్మారాలన్నీ తనే వెతుక్కునేది.

ఒకరోజు సారు ఇంటికని పొడుగాటి పరదా రాడ్డు కొని, తార్నాకలో నిరోష ఎక్కిన బస్సే ఎక్కాడు. రాడ్డు అడ్డంగా పట్టుకున్నాడు. ముందొకాయన తల, వెనకొకామె సంచి, పక్కన కండక్టర్ భుజం, అన్నీ దానికే తగులుకున్నాయి.

"సార్, నిలువుగ పట్టుకోండ్రి! బస్సంత జామైంది!" అని కండక్టర్ మొత్తుకున్నాడు.

సారు మొహం వెలిగిపోయింది. "చూసినవా నిరోషా! గుండ్రటి ప్రోటీన్ అయితే సందుల నుంచి జారిపోతుండె. పొడుగుది అడ్డం తిరిగితే ద్రావణమంత చిక్కబడ్తది!"

"దిగి చెప్పుకోండ్రి సార్, దండం పెడ్త!"

బస్సంతా నవ్వింది. నిరోష మాత్రం కిటికీలోంచి చూస్తూ కండ్లు తుడుచుకుంది. ఆమె రీసెర్చ్ చేస్తున్న ప్రోటీన్ కూడా పొడుగుదే. నీళ్లలో కాస్త ఎక్కువ కలిపితే చాలు, గంజిలా గడ్డకట్టేది. "పనెట్ల నడుస్తున్నది?" అని సారు అడిగినప్పుడల్లా "మంచిగనే సార్" అనేది. ఆఖరికి చదువు మానేద్దామని నిశ్చయించుకుంది.

సారు చాయ్‌కు రమ్మన్న రోజు, ఆ మాట చెప్పడానికే తార్నాక హోటల్‌కు వెళ్లింది. సారు చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. నిరోష కూర్చుందో లేదో, "ఆకారం కుదరలే. లే, వేదవతి మేడం పక్కన కూసో" అన్నాడు. ఇవాళ కూడానా అని నిరోషకు ఒళ్లు మండింది. అయినా లేచి వెళ్లి కూర్చుంది.

వేదవతి మేడం వేరే సంస్థలో సైంటిస్టు. బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, "నీది కూడ గడ్డకట్టే ప్రోటీనేనా బిడ్డా?" అంది.

నిరోష బిత్తరపోయింది. "మీకెట్ల తెలుసు మేడం?"

"నాది గట్లనే ఏడిపించింది. దానికి తోకేమన్న ఉన్నదా?"

"ఉన్నది మేడం, పొడుగ్గ."

"పక్కదాన్ని పట్టుకునేది గదే కావచ్చు. తోక లేకుండ చేసి చూడు. రేపు మా ల్యాబ్‌కు రా, ఎట్లనో నేను చూపిస్త."

ఆ రోజు నిరోష చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. కొన్ని నెలలకు ఆమె ట్యూబులో ద్రావణం మంచినీళ్లలా తేటగా నిలిచింది. ఆ ట్యూబు పట్టుకుని వేదవతి మేడం దగ్గరికి పరుగెత్తితే, ఆమె నవ్వింది.

"ఆ రోజు నన్నెందుకు పిలిచిండనుకున్నవ్ మీ సారు? 'మా పిల్ల చెత్తబుట్టల అన్నీ గడ్డకట్టిన ట్యూబులే కనవడ్తున్నయి. నోరు తెరిచి అడగదు. జర నువ్వే అడుగు' అన్నడు."

నిరోషకు అప్పుడు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. హాస్టల్ దొరకని సంజీవ్‌ను సారు లేపి కూర్చోబెట్టింది వార్డెన్ పక్కన. ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఏడ్చే పూర్ణిమను కూర్చోబెట్టింది తెలుగులో విడమరిచి చెప్పే సీనియర్ పక్కన. వాళ్లూ అప్పుడు లోపల తిట్టుకునే లేచి ఉంటారు.

నిరోష తిన్నగా సారు గదికి వెళ్లింది. ఈసారి తనే ముందు మాట్లాడింది. "సార్, ఆ రోజు నన్ను మేడం పక్కన కూసోవెట్టినందుకు చాలా థాంక్స్."

సారు తత్తరపడి కాగితాలు అటూ ఇటూ సర్దాడు. "నాకెందుకు థాంక్స్? గాడ ఫ్యాన్ గాలి మంచిగ వస్తదని కూసోవెట్టిన."

వాళ్లు ఆ రోజు చాయ్ తాగింది హోటల్ బయట, చెట్టు కింద.

"అవును సార్, గాలి మంచిగ వచ్చింది" అంది నిరోష.