మిర్యాలగూడ ఊకకు మూడు దేశాల చుట్టాలు

ఈ ప్రయాణం హైడ్రోజన్ మీద ఆసక్తితో చేశానని చెప్పుకోవచ్చు. నిజానికి కుళ్లుతో చేశాను. వనజ, నేను సూర్యాపేటలో డిగ్రీ కలిసి చదివాం. కెమిస్ట్రీలో ఫస్టు నేను, నా రికార్డు చూసి రాసుకున్నది తను. నేను ఇప్పటికీ అదే ఊళ్లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. తనేమో వరి ఊక నుంచి హైడ్రోజన్ తీసే ప్రాజెక్టుకు మన దేశం తరఫున పెద్ద. యంత్రం జర్మనీది, పెట్టుబడి జపాన్‌ది, ఊక మిర్యాలగూడ మిల్లులది. ఒప్పందం మీద సంతకాలు చేసే రోజు రమ్మని ఫోన్ చేసింది. ఎక్కడో ఒకచోట బెడిసికొడితే కళ్లారా చూడొచ్చని బయల్దేరాను.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు కోదాడ మీదుగా వెళ్లడం చుట్టుదారే. అతిథులు విజయవాడ నుంచి వస్తున్నారు, కోదాడలో మా బండెక్కు అని వనజ చెప్పడంతో అటే వెళ్లాను. పొద్దున ఏడింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు గంట ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. బస్టాండు దగ్గర పెసరట్టు బాగుంటుంది, యాభై రూపాయల లోపే. ఉల్లిపాయలు ఎక్కువ వేయమంటారా అని వంటాయన మర్యాదగా అడిగాడు కానీ, అప్పుడే పెద్ద కారు వచ్చి ఆగింది. వనజ నన్ను కౌగిలించుకుని, జర్మనీ ఇంజినీరుకు, పెట్టుబడి తరఫున వచ్చిన జపాన్ ఆవిడకు పరిచయం చేసి, వాళ్లతో కారెక్కింది. నాకు వెనక వ్యానులో, నీళ్ల సీసాల పెట్టెల పక్కన చోటు దొరికింది. పెసరట్టు పెనం మీదే వదిలేశాను.

వ్యాను నడిపే యాదగిరిది చిలుకూరు. "ఆ మేడం మీ దోస్తంట గదా. గంత పెద్దగైంది. మరి మీరేం జేస్తరు?" అని అడిగాడు. చెప్పాను. "అదీ మంచిదేలెండి," అన్నాడు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాటేదాకా అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చున్నాను. ముందు కారులో వనజ చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటే వాళ్లు తలలూపుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మిల్లు షెడ్డులో నర్సయ్య గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. చుట్టుపక్కల మిల్లు యజమానులందరి తరఫున మాట్లాడేది ఆయనే. అక్కడ ఎక్కువగా ఉప్పుడు బియ్యం పడతారు. వడ్లు ఉడికించే బాయిలరులో మండించేది ఊకే. వనజ జర్మనీ ఇంజినీరును బాయిలరు దగ్గరికి తీసుకెళ్లింది. షెడ్డులో మిల్లులవాళ్ల ముందు జపాన్ ఆవిడ, బెంగళూరులో పెరిగిన తెలుగు దుబాసీ అమ్మాయి, నేను మిగిలాం. నర్సయ్య గారు సూటిగా అడిగారు: "ఊక ఇస్తం. మరి అండ్ల మా పాలెంత?"

పాలు అంటే వాటా. ఆ అమ్మాయికి తెలిసిన పాలు వేరు. వీళ్లు పాలు అడుగుతున్నారని ఇంగ్లీషులో చెప్పేసింది. జపాన్ ఆవిడ పాపం ఎంతో మర్యాదగా, పాలు తప్పకుండా తెప్పిద్దామంది. అమ్మాయి అదే మాట తెలుగులో అప్పజెప్పగానే నర్సయ్య గారి మొహం ఎర్రబడింది. "ఎగతాళా?" అని కండువా సర్దుకుని లేచారు. మిగతా మిల్లులవాళ్లూ లేచారు.

ఏం జరిగిందో ఆ షెడ్డులో అర్థమైంది నాకొక్కదానికే. నేను ఊరుకుంటే చాలు, వనజ పెద్దరికం ఆ పూటతో ఖతం. కాసేపు ఊరుకున్నాను కూడా, హాయిగా అనిపించింది. కానీ నర్సయ్య గారు వనజను తిట్టడం లేదు, చెమటలు పట్టిన ఆ పిల్లను తిడుతున్నారు. అది చూడలేకపోయాను. పిల్లకు మాట అర్థం కాలేదని చెప్పి ఆయన్ని ఆపి, ఆయనడిగింది వాటా గురించని జపాన్ ఆవిడకు చెప్పాను.

అప్పుడే వనజ తిరిగొచ్చింది. విషయం విని ఒప్పందం కాగితాలు మళ్లీ చదివింది. మిల్లులవాళ్లకు దక్కేదేమిటో అందులో ఎక్కడా లేదు. ఊకంతా ఇచ్చేస్తే బాయిలరు దేంతో నడవాలో కూడా లేదు. ముందు సంతకాలు కానిద్దాం, మిగతావి తర్వాత చూసుకుందాం అన్నాడు జర్మనీ ఆయన. వనజ కాగితాలు మడిచింది. "తప్పు మాదే, నర్సయ్య గారూ. మీ పాలు రాయనిది నేను సంతకం పెట్టను," అంది. అదే మాట ఇంగ్లీషులో అతిథులకూ చెప్పింది. జర్మనీ ఆయన విసుగ్గా గడియారం చూసుకున్నాడు. జపాన్ ఆవిడ మాత్రం కుర్చీ జరుపుకుని నర్సయ్య గారి పక్కన కూర్చుని, బాయిలరుకు రోజుకు ఎంత ఊక పడుతుందని నన్ను అడగమంది. సాయంత్రం దాకా లెక్కలు, వాదాలు సాగాయి. సంతకాలు కాలేదు.

తిరుగు ప్రయాణంలో వనజ నాతో వ్యానెక్కింది. "ఢిల్లీల ఏమంటరో ఏమో. నన్ను తీసేస్తరేమోనే," అని కళ్లు మూసుకుంది. ఆ కాగితాలు నా చేతిలో ఉంటే సంతకం పెట్టేసేదాన్ని, ఫొటో కూడా దిగేదాన్ని. ఇన్నాళ్లూ తన కుర్చీ చూసి కుళ్లుకున్నాను, అది ఇవాళ కాకపోతే రేపు నాకూ దొరకొచ్చని ఒక ఆశ. ఇప్పుడు తనను చూసే కుళ్లుకుంటున్నాను, ఇక ఆ ఆశ కూడా లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: కోతలయ్యాక వెళ్లండి, మిల్లులన్నీ నడుస్తుంటాయి. గాలినిండా ఊక దుమ్మే, కళ్లలో పడి నీళ్లు తెప్పిస్తుంది. దగ్గర ఒక రుమాలు ఉంచుకోండి. ఎందుకా నీళ్లని ఎవరైనా అడిగితే దుమ్ము పడిందని చెప్పొచ్చు.