కారణం గడిలో రాసిన మాట

మా పెదనాన్నను వీధంతా కాళ్ళ డాక్టరు అంటుంది. "డాక్టర్ని కాదయ్యా, వడ్రంగిని. డాక్టర్లు తీసేస్తారు, నేను పెడతాను" అని నవ్వేస్తాడాయన. ఆస్పత్రి వెనక షెడ్డులో కృత్రిమ కాళ్ళు చేస్తాడు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయాక నన్ను తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. నా రాత గుండ్రంగా ఉంటుందని ఫారాలు నాతోనే నింపిస్తాడు. ముద్ర మాత్రం ఆయనే వేస్తాడు.

ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంది. అక్కడ "దాడి" అని రాస్తే, ఎదిగే పిల్లలకు ఏటా కొత్త కాలు వస్తుంది. "ప్రమాదం" అని రాస్తే ఒక్కటే. ఏడాది తిరిగేసరికి అది పొట్టిదైపోతుంది. ఖర్చు భరించే సేవాసంస్థకు ఈ యుద్ధంలో ఏ వైపు పిల్లలైనా ఒకటే.

యుద్ధం మొదట్లో అవతలివాళ్ళు మా మార్కెట్ మీద బాంబు వేశారు. పిల్లల కొలతలు తీస్తూ పెదనాన్న వెక్కివెక్కి ఏడ్చాడు.

"పసివాళ్ళమ్మా! వేసినవాడికి పిల్లల్లేరా? దాడి అని ఇంతింత అక్షరాలతో రాయి."

నిన్న ఒక ముసలావిడ తన మనవరాలిని ఎత్తుకొని వచ్చింది. పాపకు ఆరేళ్ళు. వాళ్ళది సరిహద్దు అవతలి ఊరు, సేవాసంస్థే ఇటు తీసుకొచ్చింది. మా విమానాలు వాళ్ళ బడి మీద బాంబు వేసినప్పుడు మోకాలి కింద కాలు పోయింది. కొలతలు పోయిన వారమే తీశాం, నిన్న తొడగాలి.

పెదనాన్న ఆ కొత్త కాలు పైభాగాన్ని అరచేతులతో రుద్ది వెచ్చచేశాడు. "చల్లగా తగిలితే జడుసుకుంటుంది" అన్నాడు. "ఏదీ, మహారాణిగారూ, ఒక్క అడుగు!"

పాప రెండడుగులు వేసి ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన మురిసిపోయాడు. తర్వాత నా వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో, "కారణం ప్రమాదమని రాయమ్మా" అన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"బాంబు కదా, పెదనాన్నా?"

"మనవాళ్ళు కావాలని వేస్తారా? గురి తప్పుంటుంది. అయినా అలాంటి చోట పిల్లల్ని ఎవరుంచమన్నారు?"

"మన పిల్లలు మార్కెట్లో లేరా?"

"ఓహో! నాలుగు ఫారాలు నింపేసరికి నాకే పాఠాలు చెప్పేంతదానివయ్యావా?"

ముసలావిడ తల వంచుకుంది. పాప ఇంకా ఆయన చొక్కా వదల్లేదు.

ఇంకెవరైనా అని ఉంటే ఇంత అదిరిపడేదాన్ని కాదు. ఇప్పుడే కదా, పాప జడుసుకుంటుందని ఈ చేతులే కాలిని వెచ్చచేశాయి!

"దాడి" అని రాశాను. మార్కెట్ పిల్లలకు రాసినంత పెద్దగా రాసి, ఫారం ఆయన ముందుకు జరిపాను. ఆయన ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాట చూసి ముద్ర బల్ల మీద పెట్టేశాడు. బయటికి వెళ్ళిపోయాడు.

ముద్ర నేనే వేశాను. కాస్త వంకరగా పడింది. ఆ ఫారం సాయంత్రమే సంస్థకు పంపేశాను.

పెదనాన్న ఇంకా నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దుటి నుంచి ఇంకో చిన్న కాలిని నునుపు చేస్తున్నాడు. అది ఏ వైపు పిల్లలదని అడగడానికి నాకు భయమేస్తోంది.