ఒక్క కూత కోసం శ్రీరాంపూర్ నుంచి కరీంనగర్‌కు

బుధవారం పొద్దున తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి ఫోన్‌లో విజయ గొంతు నా కోసం కాచుకుని ఉంది. విజయది జమ్మికుంట. కరీంనగర్‌లో ఇంటర్ చదివిన రెండేళ్లూ మా కాలేజీ కబడ్డీ జట్టుకు తనే కెప్టెన్. "సుగుణా, శనివారం కాలేజీల పాత స్టూడెంట్లందరం కలుస్తున్నం. ఇప్పటి పోరిలతోని మనకు కబడ్డీ పెట్టిన్రు. ఆరుగురం అయినం, ఏడోదానివి నువ్వే. మోకాళ్లు, నడుము అని సాకులు చెప్పకు. అవి అందరికి ఉన్నయి." ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విని, చివరకు ఒక్క మాటే జవాబు పెట్టాను: "వస్తా. కానీ ఒక్కసారన్న నన్ను కూతకు పంపాలె."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఊపిరి తీయకుండా కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి జట్టులోకి వెళ్లి, ఎవరినైనా తాకి తిరిగి రావడమే కూత. ఆ మాట అంపైర్‌కు వినబడాలి, లేకపోతే ఔట్. నా గొంతు పుట్టుకతోనే చిన్నది. మొదట్లో కూతకు వెళ్లిన ప్రతిసారీ, గీత దగ్గర నిలబడ్డ అంపైర్ "వినబడలే" అని విజిల్ ఊదేవారు. ఆ తర్వాత నన్ను మూలకు నిలబెట్టారు. వచ్చినవాళ్ల మడమ పట్టి ఆపడమే నా పని. ఆ పని బాగానే చేశాను, కప్పు కూడా గెలిచాము. అయినా కూతకు పోయి ఒక్క పాయింటైనా తేలేదన్న వెలితి పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయినా పోలేదు.

శనివారం ఆరున్నరకు మా ఆయన బండి మీద శ్రీరాంపూర్ బస్టాపు దగ్గర దింపాడు. ఆయనది బొగ్గు బాయిలో పని. "యాభై ఏండ్లకు కూత పెడుతవా? ఇంట్ల నువ్వు పిలిస్తెనే నాకు ఇనబడది" అని నవ్వాడు. "మీరు ఇనకపోవుడు వేరే ముచ్చట" అన్నాను. కరీంనగర్‌కు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గోదావరిఖని, పెద్దపల్లి, సుల్తానాబాద్ మీదుగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కండక్టరమ్మ "ఏడికక్కా?" అంటే సంతోషం ఆగక "కరీంనగర్, కబడ్డీ ఆడనీకి" అనేశాను.

"ఆడనీకా, చూడనీకా?"

"ఆడనీకే."

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసి, డ్రైవర్ వైపు తిరిగి, "అన్నా, గుంతలల్ల జర మెల్లగ పోనియ్. బస్సుల ప్లేయర్ ఉన్నది" అని కేకేసింది. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. వంతెన మీద గోదారమ్మకు దండం పెట్టుకున్నాక, పెదవులు కదుపుతూ కూత సాధన మొదలుపెట్టాను. పక్క సీట్లోని ముసలావిడ కాసేపు చూసి, "ఏ దేవుని జపం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. దేవుడి విషయంలో అబద్ధం ఆడలేక "కబడ్డీ, అవ్వా" అన్నాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "గట్లనా, కానియ్ మరి" అని కళ్లు మూసుకుంది.

తొమ్మిది అయ్యేసరికి కరీంనగర్ బస్టాండులో దిగాను. శనివారం నాకు ఒక్కపొద్దు, రాత్రి దాకా అన్నం ముట్టను. బయట చిన్న హోటల్‌లో ఆ మాట చెబితే, వంట చేసే ఆవిడ "ఉత్త కడుపుతోని తిరిగితే కండ్లు తిరుగుతయక్కా. ఉల్లిగడ్డ ఎయ్యకుండ ఉప్మా చేసిస్త, కూసో" అంది. నలభై రూపాయలకు కడుపు నిండా పెట్టింది. అక్కడి నుంచి ఇరవై రూపాయల షేర్ ఆటోలో టవర్ సర్కిల్‌కు వెళ్లి బట్టల దుకాణంలో ట్రాక్ ప్యాంటు అడిగాను. "బిడ్డ సైజు ఎంతమ్మా?" అన్నాడు అబ్బాయి. "బిడ్డకు కాదయ్యా, నాకే" అనేసరికి తడబడి, అడక్కుండానే యాభై తగ్గించి మూడు వందలకు ఇచ్చాడు.

కాలేజీ గేటు దాటగానే నా నడక వేగమైంది. కొత్త భవనం వచ్చి మైదానం సగమైంది కానీ, పాత తరగతి గదుల వరండా అలాగే ఉంది. అప్పట్లో క్లాసులు అయ్యాక లంగా కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, ఓణీ బిగించి ఆడేవాళ్లం. కోర్టు గీతలు ఇంటి నుంచి తెచ్చిన ముగ్గుపిండితో నేనే గీసేదాన్ని. పత్తి సీజన్‌లో విజయ తలలో దూది పోగులతోనే కాలేజీకి వచ్చేది, మార్కెట్ యార్డులో వాళ్ల బాపుకు సాయం చేసి అటు నుంచి అటే బస్సెక్కేది. ఆట అయ్యాక వరండా మెట్ల మీద పల్లీలు, బెల్లం పంచుకుంటూ, చీకటి పడుతోందని వాచ్‌మన్ తరిమేదాకా కూర్చునేవాళ్లం. ఇప్పుడు అవే మెట్ల మీద విజయ కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినవానే! ప్యాంటుల మస్తున్నవ్" అని గట్టిగా కౌగిలించుకుంది.

అంపైర్ ఆ కాలేజీ పీఈటీ మేడం, ముప్పై దాటి ఉండవు. నా గాజులు చూసి తీయమంది. ఒక్కో మట్టిగాజు మాత్రం ఉంచుకుంటానని బతిమాలితే, రుమాలు చుట్టి కట్టింది. మొదటి సగంలో పిల్లలు మమ్మల్ని నొప్పి పుట్టకుండా పట్టుకుని "ఆంటీ, పైలం" అంటూ ఔట్ చేశారు. రెండో సగంలో విజయ నా వీపు చరిచి, "పోవే, ఇగ నీదే" అంది.

నేల ముట్టి కళ్లకద్దుకుని కూత మొదలుపెట్టాను. చుట్టూ వందల మంది ఆడపిల్లల కేకలు, మైకులో పాటలు. నా కూత నాకే వినబడటం లేదు. మేడం చెవి దగ్గర చెయ్యి పెట్టి మొహం చిట్లించింది. విజిల్ పెదవుల దాకా వచ్చింది. అయిపోయింది, మళ్లీ అదే మాట అనుకున్నాను. కానీ ఆమె ఊదలేదు. గబగబా నా పక్కకు వచ్చి, వంగి, నాతో పాటే అడుగులు వేసింది.

మూలనున్న పిల్ల భుజం తాకాను. తిరిగేలోపు ఆ పిల్ల నా మడమ పట్టేసింది, సరిగ్గా నేను పట్టేలాగే! ఈసారి మొహమాటం లేదు. ఇంకో ముగ్గురు మీద పడ్డారు. బోర్లా మట్టిలో ఉన్నాను. పట్టుబడినా కూత తెగనంతవరకు ఔట్ కాదు. ఇరవై ఏళ్లుగా శనివారం భజనల్లో పొడుగు రాగాలు తీసిన ఊపిరి నా లోపల ఇంకా మిగిలే ఉంది. కబడ్డీ, కబడ్డీ అని మట్టికే చెబుతూ పాకాను.

"కూత ఉన్నదా మేడం? కూత ఉన్నదా?" అని విజయ అరుస్తోంది.

మేడం నేల మీద పడుకుని నా నోటి దగ్గర చెవి పెట్టింది. "ఉన్నది! ఉన్నది! ఇంక ఉన్నది!" అని చెయ్యెత్తి అరిచింది. గీత ఇంకో జానెడు ఉంది. ఒళ్లంతా సాగదీసి చెయ్యి చాపాను. వేళ్లకు సున్నం అంటింది. విజిల్ మోగింది.

"పట్టినోళ్లు నలుగురు ఔట్!"

మడమ పట్టిన పిల్లే నన్ను లేపి మట్టి దులిపింది. "ఆంటీ, గంత దమ్ము ఏడ దాచిన్రు?" అంది. విజయ నవ్వుతూ, ఏడుస్తూ, "నిన్ను రెండేండ్లు మూలకు నిలవెట్టినం గదనే" అంది. ఆట చాలా తేడాతో ఓడిపోయాము. ఆ సంగతి టీ తాగేటప్పుడు గానీ మాకు గుర్తుకు రాలేదు.

నా గొంతు ఈ ముప్పై ఏళ్లలో పెరగలేదు. ఇప్పుడూ అంతే చిన్నది. ఈ అంపైర్ మేడం తెల్ల బట్టలు మాస్తాయని చూడకుండా నేల మీద పడుకుంది, అంతే తేడా. ఇంటికి వచ్చి స్వామికి హారతి ఇచ్చేటప్పుడు ఆమె పేరు కూడా చెప్పుకున్నాను. మీ కాలేజీ నుంచి పిలుపు వస్తే వయసు లెక్క పెట్టుకుని ఆగిపోకండి. మనం చేయలేకపోయిన పని ఏదో అక్కడ ఇంకా మన కోసమే ఉండవచ్చు.

ఒక్క సలహా. శనివారం సాయంత్రం ఊళ్లకు పోయే విద్యార్థులతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నాలుగు గంటలలోపే కరీంనగర్ బస్టాండులోనే ఎక్కి సీటు పట్టుకోండి. నేను ముచ్చట్లలో పడి ఐదున్నరకు దారిలో ఎక్కాను. కబడ్డీ ఆడిన మోకాళ్లతో పెద్దపల్లి దాకా నిలబడే వచ్చాను.