మా బావ కుడిచెయ్యి

మా బావ కుర్మయ్య తన కుడిచేతి గోళ్లను పెంచుకున్నంత శ్రద్ధగా ఎవరూ కన్నబిడ్డల్ని కూడా పెంచరు. రోజూ నూనె రాసేవాడు, గరుకు కాగితంతో నున్నగా దిద్దేవాడు. మామిడిపల్లిలో కూరగాయలు పండించే రైతుకు ఇంతకన్నా పనికొచ్చే అలవాటు ఏముంటుంది?

గోళ్లు పెరిగాక ఆ చెయ్యి పనులన్నీ మానేసింది. అన్నం ఎడమచేత్తో, చెంచాతో. చొక్కా గుండీలు మా అక్క సుమలత పెట్టాలి.

"మీ బావకు ఏదో గాలి సోకింది తమ్మీ," అనేది అక్క. "టమాటలు తెంపమంటే గోరు ఇరుగుతదంటడు."

దీనికంతటికీ కారణం గిటారు. మా ఊరి దుర్గవ్వ సొంతంగా పాటలు కట్టి, గిటారు వాయిస్తూ పాడేది. వాయించడం అంతా ఉత్త వేళ్లతోనే, గోళ్లతో తీగలు మీటుతూ. బొటనవేలు లావు తీగల మీద డప్పు దరువు వేస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాటను పలికించేవి. నెత్తిమీద విమానం పోతున్నా జనం తల ఎత్తేవారు కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి పాడటం మానేసి ఇల్లు కదలకుండా కూర్చుంది. వయసు మీదపడిందనుకున్నాం. సరిగ్గా అప్పుడే బావ ఆమె దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆ నేర్చుకోవడం కూడా సగమే. తీగలు నొక్కాల్సిన ఎడమచెయ్యి ఒళ్లో హాయిగా పడుకుని ఉండేది. కుడిచెయ్యి మాత్రం పొద్దస్తమానం టుంగుటుంగు.

"బావా, ఎడమ చెయ్యి ఎప్పుడు నేర్సుకుంటవే?" అని అడిగాను.

"దాంతోని నాకేం పని బామ్మర్ది?"

ఒంటి పెడలుతో సైకిల్ తొక్కుతానన్న మహానుభావుణ్ని అప్పుడే చూశాను.

ఫంక్షన్ హాల్లో జానపద సభ పెట్టారు. బావ పేరిచ్చాడు. ముందురోజు అక్క పోరు పడలేక గోబీ బస్తా ఎత్తబోతే బొటనవేలి గోరు పుటుక్కున విరిగింది. ఆయన పెట్టిన కేకకు ఎవరో పోయారనుకుని పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. బావ నన్ను బండెక్కించుకుని నేరుగా శంషాబాద్‌లో బ్యూటీ పార్లర్ ముందు దిగాడు.

"అతికించే గోరు కావాలె. ఒక్కటే."

పార్లర్ నడిపే మనీషా నవ్వు ఆపుకుంటూ, "ఏ రంగు వెయ్యాలె అన్నా?" అంది.

"చప్పుడు మంచిగొచ్చే రంగు!"

నేను బయటికొచ్చి, ఆయనెవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను.

మర్నాడు బావ వేదిక మీదికి ఒక్కడే రాలేదు. దుర్గవ్వను పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆమె కుడిచెయ్యి వాలిపోయి ఉంది. పక్షవాతమట. ఎవరికీ చెప్పొద్దని బావతో ఒట్టు వేయించుకుందట.

గిటారు ఆమె ఒళ్లో పెట్టి, బావ పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమె ఎడమచెయ్యి తీగలు నొక్కింది. బావ కుడిచెయ్యి మీటింది. దుర్గవ్వ గొంతెత్తింది.

మధ్యలో బావ ఉషారెక్కి పరుగు పెట్టాడు.

"జర నిమ్మలంగ పోరా కుర్మయ్యా, ఇది ట్రాక్టర్ కాదు!" మైకులోనే తిట్టింది దుర్గవ్వ. అందరూ ఘొల్లుమన్నారు. మా అక్క కళ్లు తుడుచుకుని, "గా చెయ్యి మా ఆయనదే," అని పక్కనామెకు పరిచయం చేసింది.

పాట అయిపోగానే జనం "ఇంకోటి! ఇంకోటి!" అని అరిచారు.

దుర్గవ్వ మైకు దగ్గరికి వంగింది. "నాకైతే మస్తు పాటలొస్తయి. నా కుడిచెయ్యికే ఇంకా ఒక్కటే వచ్చింది. ఏం జేస్తం, మళ్ల గదే వినుండ్రి."

ఇద్దరూ అదే పాట మొదటినుంచి అందుకున్నారు.