వాంగ్‌యే నవ్విన పేజీ

ప్రపంచంలో వెబ్‌సైట్లు గీసేవాళ్ళు లక్షలమంది ఉండొచ్చు. కానీ సాక్షాత్తూ దేవుడే క్లయింటుగా కూర్చుని, గీసుకొచ్చిన పేజీ చూసి పగలబడి నవ్వి, మళ్ళీ గీసుకు రమ్మని తిప్పి పంపిన ఘనత మాత్రం ఒక్క మా బామ్మ, మేం అమా అని పిలిచే చువాంగ్ యుయేలీదే. తైపేలో అద్దాల గదుల్లో కూర్చుని రంగులు ఎంచుకునేవాళ్ళకు వచ్చే జన్మలో కూడా ఈ అదృష్టం పట్టదు. పాపం, వాళ్ళను తిట్టేది మామూలు మనుషులే.

అమాకు డెబ్బై దాటాయి. తైనాన్ తీరాన పాలబొంత చేపల చెరువుల మధ్య ఉంది మా ఊరు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ అచ్చాఫీసులో సీసం అక్షరాలు ఏరి పెళ్ళికార్డులూ చావు కబుర్లూ కూర్చేది. కంప్యూటర్లు రాగానే అచ్చాఫీసు యజమాని యంత్రాలను పాత ఇనుముకి అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. అమా కూర్చోలేదు. మెల్లగా వెబ్‌సైట్లు గీయడం నేర్చుకుంది. ఆవిడ సైట్లన్నీ ఒకే పోలికలో ఉంటాయి. పెద్ద అక్షరాలు, అరచేయంత బటన్లు, మధ్యలో బోలెడు ఖాళీ. ఊరి కుర్రాళ్ళు వాటిని కళ్ళజోడు పోగొట్టుకున్నవాళ్ళ సైట్లని వెక్కిరిస్తారు. అమాకు అది మెచ్చుకోలులాగే వినిపిస్తుంది.

మా ఊరి దేవుడు వాంగ్‌యే గుడికి సైటు కావాలని కమిటీ కబురు పెట్టినప్పుడు ఆవిడ కంప్యూటర్ తెరవలేదు. ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి పట్టుకెళ్ళి గుడి వాకిట్లో వేసుకుని కూర్చుంది. కమిటీ చైర్మన్ హువాంగ్ టియెన్‌ఫా చేపల చెరువుల ఆసామి, చిన్నప్పుడు అమా వెనకాల ముక్కు కార్చుకుంటూ తిరిగినవాడు. ఆయన రోజూ వచ్చి, పని ఎప్పుడు మొదలుపెడతావు అక్కా అని అడిగేవాడు. మొదలుపెట్టానుగా అని అమా పుచ్చగింజలు కొరుకుతూ చెప్పేది.

వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో వినడమే ఆ పని. గుడి ఎన్నేళ్ళ నాటిదని ఎవరూ అడగలేదు. చైర్మన్ ఎవరని అసలే అడగలేదు. స్కూటర్ మీద ఏడ్చే బిడ్డను అదుముకుని ఎండలో పడి వచ్చిన ప్రతి తల్లీ ఒక్కటే అడిగింది, ఈ రోజు ఆ-లియేన్ అవ్వ ఉందా అని.

ఆ-లియేన్ అవ్వ పక్క మండపంలో కూర్చుని జడుసుకున్న పిల్లలకు జడుపు దించుతుంది. గిన్నెడు బియ్యాన్ని పిల్లాడి చొక్కాలో మూటకట్టి, తల చుట్టూ తిప్పి, ఏదో గొణుగుతుంది. ఆ రాత్రి పిల్లాడు నిద్రపోతాడు. కాకపోతే ఆవిడ ఏ పొద్దున ఉంటుందో ఆవిడకే తెలియదు. ఆల్చిప్పలు ఒలిచే పని తగిలితే అటు పోతుంది, మోకాలు సలిపితే ఇంట్లో పడుకుంటుంది. తల్లులు వచ్చినదారినే బిడ్డల ఏడుపుతో సహా తిరిగి వెళ్ళిపోతారు.

అందుకే అమా గీసిన పేజీలో అన్నిటికంటే పైన ఒకే మాట ఉంది. ‘ఆ-లియేన్ అవ్వ ఈ రోజు ఉంది’, లేకపోతే ‘లేదు’. అవ్వ వచ్చి కుర్చీలో కూలబడగానే తన ఫోనులో ఒక బటన్ నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడు ఇంకొకటి. ఆ మాట పైన లేకపోతే ఈ పనే నాకొద్దని అమా కమిటీకి తెగేసి చెప్పింది.

కమిటీవాళ్ళకు గుండె ఆగినంత పనైంది. వాళ్ళు పైన చైర్మన్ గారి ఫోటో అనుకున్నారు. దాని కింద చైర్మన్ గారి సందేశం, దాని కింద చందాల వరసలో సభ్యుల పేర్లు, వీటన్నిటి చుట్టూ గిరగిరా తిరిగే డ్రాగన్, తెరవగానే మోగే డప్పులు. పేజీ సింపుల్‌గా ఉండాలి, చూడగానే కళ్ళు మాత్రం జిగేల్మనాలి. తైచుంగ్‌లో ఉన్న చైర్మన్ గారి అల్లుడు అచ్చం అలాంటిదే ఒకటి చేసి పంపాడు కూడా. ఈలోగా పేర్ల వరస దగ్గర ఇద్దరు సభ్యుల మధ్య మాటలు ఆగిపోయాయి. ఇక తేలేది కాదని, వాంగ్‌యేనే అడుగుదామన్నాడు చైర్మన్.

దేవుణ్ణి అడగడమంటే నెలవంకల్లాంటి రెండు చెక్కలను నేల మీద వేయడం. ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పైకి పడితే సరేనన్నట్టు. రెండూ గుండ్రమే తేలితే కూడదన్నట్టు. రెండూ చదునుగా తేలితే దేవుడు నవ్వుతున్నట్టు, జవాబు తేలలేదన్నట్టు. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు సరే అనాలి.

అమా పేజీని కాగితం మీద అచ్చుతీసి పీఠం మీద పెట్టి చైర్మన్ చెక్కలు వేశాడు. వాంగ్‌యే నవ్వాడు. ఎరుపు చాలలేదని ఒకరు, అక్షరాలు మరీ పెద్దవని ఒకరు అర్థం చెప్పారు. అమా ఎరుపు పెంచి తెచ్చింది. మళ్ళీ నవ్వాడు. అల్లుడి పేజీ పెడితే చెక్కలు ఎగిరిపడి మరీ నవ్వాయి. సైటు తెరవాల్సిన గుడి పండగ ముంచుకొస్తోంది. ఒక పొద్దున, తను మూడోసారి మార్చి తెచ్చిన కాగితాన్ని చూసి కూడా దేవుడు నవ్వేసరికి అమా స్టూలు మీంచి లేచింది.

“ఏమని అడుగుతున్నావు?”

“ఈ డిజైను బాగుందా స్వామీ అని.”

“ఇన్నేళ్ళలో నేను ఎవర్నీ అలా అడగలేదు. బాగుందా అంటే మనుషులే నవ్వుతారు. పైన ఏం ఉండాలో ఒక్కొక్కటిగా అడగాలి.”

“అయితే నువ్వే అడుగక్కా. తేలలేదంటే మాత్రం మా అల్లుడిదే పెట్టేస్తాం.”

“మీ అల్లుడిది చూసీ నవ్వాడుగా.”

“అది సంతోషంతో నవ్వడం.”

అమా మోకాళ్ళ మీద కూర్చుని, చైర్మన్ ఫోటో పైన ఉండాలా స్వామీ అని అడిగింది. రెండూ గుండ్రంగా తేలాయి. ఎవరో దగ్గారు. పోనీ నీ ఫోటో ఉండాలా అని అడిగింది. నవ్వాడు. ఆ-లియేన్ ఉందో లేదో చెప్పే మాట ఉండాలా అంది. సరే అన్నాడు. రెండోసారీ సరే అన్నాడు. మూడోసారి ఒక చెక్క గుండ్రంగా తేలింది. రెండోది దొర్లుకుంటూ వెళ్ళి, పక్కనే నిలబడ్డ చైర్మన్ ప్లాస్టిక్ చెప్పుకు ఆనుకుని నిటారుగా నిలబడిపోయింది.

అటు పడితే సరే, ఇటు పడితే కూడదు. కాలు కదపొద్దని కమిటీ అంతా ఒక్క గొంతుతో చెప్పింది. చైర్మన్ రెండు చేతుల్లోనూ అగరొత్తులు. బూడిద మణికట్టు మీద రాలుతున్నా కిక్కురుమనకుండా రాతిబొమ్మలా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. అమా ఆ ఫోను తీసి, అందరికీ వినబడేలా స్పీకర్ నొక్కి, ఆయన గడ్డం కింద పట్టుకుంది. ఆయన కోడలు పేయ్‌జెన్.

“మామయ్యా, గుడిలోనే ఉన్నారా? ఆ-లియేన్ అవ్వ ఉందేమో చూసి చెప్పండి. బాబు రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు. మొన్న వచ్చి ఊరికే తిరిగెళ్ళాను.”

“మొన్న నేను గుడి మెట్ల మీదే ఉన్నానుగా. నాతో చెప్పలేదేం?”

“మీరు సైటుకి ఫోటో తీయించుకుంటున్నారు మామయ్యా. కదిలిస్తే కోప్పడతారని.”

వెనక బాబు ఏడుపు గుడి కప్పు దాకా వినిపించింది. చైర్మన్ పీఠం వైపు చూశాడు, పక్క మండపంలో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశాడు. ఈ రోజు లేదమ్మా, ఎండలో పడి రాకు, నేనే వెతికి ఇంటికి తీసుకొస్తానని మెల్లగా చెప్పాడు. ఆయన కాలు కాస్త పక్కకు జరిగింది. చెక్క చదునువైపు తేలి పడింది. కాలు దానంతట అదే జరిగిందా, ఆయన జరిపాడా అన్నది మా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. కమిటీవాళ్ళు మాత్రం వెంటనే వంగి దణ్ణాలు పెట్టేశారు.

ఇప్పుడు పేజీ తెరిస్తే ముందు కనబడేది ఆ-లియేన్ అవ్వ సంగతే. అవ్వ బటన్ నొక్కడం మరిచిపోతే తల్లులే ఫోన్ చేసి తిడతారు. సభ్యుల పేర్లు చందాల వరసలో లేవు. మా లిపిలో ఎవరి పేరు రాయడానికి తక్కువ గీతలు పడితే వాళ్ళది ముందు, దాంతో ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. చైర్మన్ గారి ఫోటో కూడా ఉంది. బొటనవేలు అలిసేదాకా పేజీని కిందికి జరిపితే నవ్వుతూ దర్శనమిస్తారు.

ఇదంతా రాసి అమాకు చదివి వినిపించి, పేయ్‌జెన్ వదిన సరిగ్గా ఆ పూటే ఫోన్ ఎలా చేసిందని అడిగాను. వింటూ వింటూ కునుకు తీస్తోందనుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే చెప్పింది.

“నేనే చేయమన్నాను. రాసుకో, ఏం పరవాలేదు. తన ఫోటో లేని కాగితం టియెన్‌ఫా చదవడు.”