అనసూయ పిన్నికి ఇచ్చిన ఖర్జూరాలు

మొన్న మనవరాలు ఖర్జూరం పొట్లం విప్పగానే, ఆ తీపి వాసనకు రొంపిచెర్లలోని మా వంటిల్లు కళ్ళముందు నిలిచింది.

అవి యుద్ధం రోజులు. చక్కెర దొరకడం కష్టమై, నాన్న నరసరావుపేట నుంచి ఖర్జూరం బుట్టకు బుట్టే కొనుక్కొచ్చాడు. అమ్మ గింజలు తీసి, జాడీలో ఒత్తి నింపి, మూతికి గుడ్డ కట్టింది. పండగకైనా మాకు రెండే దక్కేవి. ఊళ్ళో ఎవరు ప్రసవించినా మాత్రం, పాలలో ఉడికించి పెట్టమని దోసెడు ఇచ్చి వచ్చేది. అమ్మ వెంట నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒక పసిబిడ్డ ఉండేది. ఖర్జూరం తింటే బిడ్డలు పుడతారని నాకు రూఢి అయిపోయింది.

పక్కింటి అనసూయ పిన్నికి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. ఒక మధ్యాహ్నం గుప్పెడు ఖర్జూరాలు తీసుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను.

"పిన్నీ, ఇయ్యి తిను. నీకూ పాపాయి పుడతది."

కందులు చెరుగుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. నా వెనకే వచ్చిన అమ్మ ఆ మాట విని, "నోర్ముయ్యవే!" అంటూ చెయ్యెత్తింది.

పిన్ని నన్ను దగ్గరికి లాక్కుంది. "కొట్టమాకక్కా. పిల్లలేరి అని ఊరంతా అడిగేవాళ్ళే. తినమని తెచ్చి పెట్టింది ఇదొక్కతే" అంది. నేను చూస్తుండగానే అన్నీ తినేసింది.

దెబ్బ తప్పిందన్న సంతోషం తప్ప నాకప్పుడు ఇంకేమీ తెలియదు. ఆమెకు చివరిదాకా పిల్లలు పుట్టలేదు. ఆ మధ్యాహ్నం ఎంత బాధను దిగమింగి నన్ను వెనకేసుకొచ్చిందో, తల్లినయ్యాకే నాకు అర్థమైంది.