జరుగు కాకా

మొన్నటి పెళ్లిల నేను ఎవరి మీద నోరు పారేసుకున్ననో వింటే, మీరు నాకు ఈ టీ కూడా ఇయ్యకుండ లేపి పంపుతరు. అయినా చెప్తా. కోపం ఇంకా దిగలేదు, చెప్తెనన్న దిగుతదేమో.

టేకులపల్లి దాటినంక అడవి పక్క ఊరు. క్రిస్టియన్ల పెళ్లి. పొద్దున పెళ్లికూతురు తయారయ్యే కాడి నుంచి సాయంత్రం రిసెప్షన్ దాక ఫొటోలు మొత్తం నేనే తియ్యాలె. పిల్ల పేరు గ్రేసు. ఫోన్ల ముందే ఒక్క మాట చెప్పింది. "అన్నా, ఏది పోయినా సరే, నేను మా నాన్న చెయ్యి పట్టుకొని చర్చిలకు నడిచొచ్చే ఫొటో మాత్రం పోవద్దు." అది నాకు వదిలెయ్యమ్మా అన్న. నా ధైర్యం చూడండి.

పొద్దున్నే పోయిన. గ్రేసును కిటికీ పక్కన కూసోబెట్టి, తెల్లచీర మీద వెలుతురు పడేటట్టు అంతా సెట్ చేసుకొని కెమెరా ఎత్తిన. ఎత్తంగనే ఫ్రేంల ఒక చెయ్యి, చేతిల ఇడ్లీ ప్లేటు. "బిడ్డా, రెండు తిను. మళ్ల ఎప్పుడు తింటవో ఏమో." సన్నటి మనిషి, మడతలు కూడా పోని కొత్త తెల్లచొక్కా. "తర్వాత తింటలే కాకా" అన్నది గ్రేసు. "కాకా, కొంచెం జరుగు" అన్న నేను. అప్పటికి మర్యాదగనే అన్న.

నగలు పెట్టుకునేటప్పుడు మళ్లొచ్చిండు, నీళ్ల గ్లాసు పట్టుకొని. ముసుగు పెట్టేటప్పుడు మళ్లొచ్చిండు, పిల్లకు ఉక్కపోస్తుందని టేబుల్ ఫ్యాను పట్టుకొని. ఫ్యాను తిరగంగనే ముసుగు లేచి మేకప్ చేసే అమ్మాయి మొఖానికి చుట్టుకున్నది. నాకు మండింది. "కాకా, ఇంట్ల నీకు ఇంకేం పని లేదా? జరుగు" అన్న. "అవ్ బాబూ, అవ్" అనుకుంట ఫ్యాను చంకన పెట్టుకొని పోయిండు.

ఇంకోపక్క సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నడు. నిలబడమన్న కాడ నిలబడ్డడు, నవ్వమంటే నవ్విండు. గ్రేసు ఆయనను "డాడీ" అన్నది. తండ్రంటే గిట్లుండాలె అనుకొని ఆయనను అన్ని దిక్కుల నుంచి తీసిన. ఒంటరిగ తీసిన, బిడ్డతోని తీసిన, కారుకు ఆనుకొని కూడ తీసిన.

చర్చి కాడికి పోయేసరికి ఎండ మాడుస్తుంది. చుట్టాలందరు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకొని నాకు అడ్డం నిలబడ్డరు. పెళ్లికి ఫొటోగ్రాఫర్ నేనా, వీళ్లా? అరిచి అరిచి గొంతు పోయింది. ఎట్లనో సందు చేసుకొని, తలుపు లోపల మోకాళ్ల మీద కూసొని కెమెరా ఎత్తిన. ఒకపక్క డాడీ, నడుమ గ్రేసు. ఇంకోపక్క ఆమె చెయ్యి పట్టుకొని ఎవరు? కాక.

ఇగ నా వల్ల కాలే. "కాకా, ముగ్గురు పట్టరు. నువ్వు జరుగు."

"అది గాదు బాబూ..."

"పాట మొదలైంది. ముందు జరుగు కాకా."

గ్రేసు మొఖం తిప్పి ఏదో అనబోయింది. "తల తిప్పకమ్మా, ముసుగు జారుతది" అని ఆమె మీద కూడా లేచిన. డాడీ నోరు తెరిచిండు. "సార్, గడ్డం పైకి" అన్న. లోపల పాట పెద్దగైంది, వెనకోళ్లు తోసిండ్రు, ఇద్దరు నడిచొచ్చిండ్రు. కాక చెయ్యి వదిలేసి తలుపు పక్కకు జరిగిండు. ఫొటో మాత్రం అద్భుతంగ వచ్చింది. నన్ను నేనే మెచ్చుకున్న.

సాయంత్రం చర్చి పక్కన టెంటుల రిసెప్షన్. సందు దొరకంగనే గ్రేసు పిలిచింది, నడిచొచ్చిన ఫొటో చూపియ్యమని. గర్వంగ చూపించిన. చూసింది, మళ్ల చూసింది.

"అన్నా, మా నాన్న ఏడి?"

"గీయనే గదమ్మా."

"ఈయన మా పెదనాన్న."

"మరి డాడీ అన్నవు?"

"పెదనాన్న పిల్లలు డాడీ అంటరు, నేనూ అదే అంట. మా నాన్న వాళ్లకు చిన్నాయన, కాక అంటరు, నేనూ కాక అనే పిలుస్త. అందరం ఒక్కింట్ల పెరిగినం." కళ్లల్ల నీళ్లు తిరిగినయ్. "మా నాన్నకు బొగ్గుబాయి పని ఐడీ కార్డు మీద తప్ప సరిగ్గ ఒక్క ఫొటో లేదన్నా. తెల్లారితే నేను అత్తగారింటికి అశ్వారావుపేట పోత."

నా మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. తెల్వనోడు చేస్తే వేరు. నేను మా సొంత అమ్మను ఇయ్యాల్టికీ చిన్నమ్మ అనే పిలుస్త. మా ఇంట్లనూ అదే కథ, పెదనాన్న పిల్లల్ని చూసి నేర్చుకున్న పిలుపు. ప్రపంచంల అందరికంటె ముందు నాకు తట్టాలె గద. చెంపలు వాయించుకోవాలనిపించింది.

ఆయన కోసం పరిగెత్తిన. భోజనాల కాడ పప్పు బకెట్టు పట్టుకొని వడ్డిస్తుండు. నన్ను చూసి బకెట్టుతో సహా పక్కకు తప్పుకున్నడు. "అడ్డమొచ్చిన్నా బాబూ?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "పిల్ల తండ్రిని నేనేరా అని ఒక్క మాట అనొచ్చు గద కాకా."

"నీ పని చెడగొట్టుడెందుకని ఊకున్న" అన్నడు.

పెళ్లికొడుకు మంచోడు, మళ్ల నడవనియ్యండి అన్నడు. పాస్టర్ గారు చర్చి తలుపులు తెరిచి లైట్లన్నీ వేయించిండు. గ్రేసు మళ్ల ముసుగు వేసుకున్నది. తండ్రి చెయ్యి పట్టుకొని తలుపు కాడ నిలబడ్డది. నేను కెమెరా ఎత్తిన.

ఆయన పక్కకు జరిగిండు.

"కాకా, జరగొద్దు, నిలబడు" అన్న. తలూపిండు. మళ్ల ఎత్తిన, మళ్ల జరిగిండు. పొద్దటి నుంచి నేను నేర్పిన విద్య, సాయంత్రానికి ఎట్ల మరుస్తడు? ఆఖరికి గ్రేసు ఆయన చెయ్యి రెండు చేతులతోని బిగపట్టుకొని ఈడ్చుకొచ్చింది. ఒక్కటే ఒక్కటి దొరికింది.

ఇప్పుడు ఆ ఫొటోనే పెద్ద ఫ్రేం కట్టించి వాళ్లింట్ల గోడకు పెట్టిండ్రు. గ్రేసు మొఖమంతా నవ్వే. ఆయన నోరు తెరిచి సీదా కెమెరా దిక్కు చూస్తుండు. చూసినోళ్లంతా "బిడ్డను తోలుకొస్తూ ఎంత భక్తిగ పాట పాడుతుండో" అంటున్నరట. ఆయన "జరగాల్నా బాబూ" అంటున్నడని నాకొక్కడికే తెలుసు.